వేడి పెట్టే ముందు మీటరు పెట్టండి: గేమ్ కన్సోల్ బోర్డులపై పాఠకుల ప్రశ్నలు

చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ కన్సోళ్ల మరమ్మతు గురించి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఎక్కువ భాగం కోనసీమ నుంచి, నరసాపురం, భీమవరం ప్రాంతాల నుంచి వస్తున్నాయి. కారణం ఊహించడం కష్టం కాదు. గల్ఫ్ దేశాలలో పనిచేసేవారు సెలవుకు వస్తూ పిల్లలకు తెచ్చే వస్తువులలో ఇవీ ఉంటాయి. పాడైతే చూపించడానికి దగ్గరలో కంపెనీ సర్వీసు కేంద్రం ఉండదు కనుక చివరకు సెల్‌ఫోన్ మరమ్మతు దుకాణమే దిక్కవుతుంది. అందువల్ల ఈసారి జవాబులు ఇంట్లోవారికీ, ఆ దుకాణదారులకూ పనికివచ్చేలా కొంత వివరంగా ఇస్తున్నాము.

ప్రశ్న: మా అన్నయ్య కువైట్ నుంచి తెచ్చిన నింటెండో స్విచ్ వానలు మొదలైనప్పటి నుంచి ఛార్జ్ కావడం లేదు. తెర మీద ఏమీ రాదు. ఫోన్ ఛార్జర్లు కూడా పెట్టి చూశాము. పట్టణంలో చూపిస్తే బోర్డు పోయింది, మార్చాలి అన్నారు. నిజంగా పోయిందో లేదో తెలుసుకునే మార్గం ఉందా?
— ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: "బోర్డు పోయింది" అన్నది లోపం పేరు కాదు. ఏ లైనులో, ఏ భాగం దగ్గర, మీటరు ఎంత చూపిస్తే ఆ మాట అన్నారో వారిని మర్యాదగా అడగండి. దానికి జవాబు రాలేదంటే ఆ బోర్డును ఇంతవరకు ఎవరూ కొలవలేదనే అనుకోవాలి. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు చివరి చేనుకు అందకపోతే చేనులో గొయ్యి తవ్వి లాభం లేదు, ఏ లాకు దాకా నీరు వచ్చిందో, ఏ తూము దగ్గర ఆగిందో చూసుకుంటూ రావాలి. బోర్డులో కరెంటు సంగతీ అంతే.

మొదటి కొలతకు కన్సోల్ విప్పనవసరం లేదు. ఛార్జరుకూ కన్సోలుకూ మధ్య పెట్టే యూఎస్‌బీ-సీ మీటరు ఒకటి సంపాదించండి. ఎన్ని వోల్టులు వస్తున్నాయో, ఎన్ని ఆంపియర్లు లాగుతోందో అది చూపిస్తుంది. స్విచ్‌తో వచ్చే అసలు అడాప్టరు 5 వోల్టుల దగ్గర 1.5 ఆంపియర్లు, 15 వోల్టుల దగ్గర 2.6 ఆంపియర్లు ఇవ్వగలదు. ప్లగ్ పెట్టిన క్షణంలో 5 వోల్టులే వస్తాయి. ఆ తరువాత సీసీ అనే సన్నని సంకేతపు పిన్నుల ద్వారా కన్సోలూ అడాప్టరూ తమలో తాము మాట్లాడుకుని 15 వోల్టులకు మారతాయి. చాలా ఫోన్ ఛార్జర్లలో ఈ 15 వోల్టుల మెట్టే ఉండదు, కొన్ని తమ ఫోనుకు మాత్రమే పనికివచ్చే వేరే పద్ధతిలో వేగంగా ఛార్జ్ చేస్తాయి. కాబట్టి ఫోన్ ఛార్జరు పెట్టి చేసిన పరీక్షతో ఏమీ తేలదు. అసలు అడాప్టరు గానీ, 15 వోల్టులు ఇస్తుందని మీద స్పష్టంగా అచ్చువేసిన పీడీ (యూఎస్‌బీ పవర్ డెలివరీ) ఛార్జరు గానీ వాడండి. బ్యాటరీ పూర్తిగా అడుగంటిపోయి ఉంటే కనీసం అరగంట అలాగే ఉంచిన తరువాతే మీటరు మాట నమ్మండి.

ఇప్పుడు మీటరు ఏమంటోందో చూద్దాం. 5 వోల్టులు చూపిస్తూ ఆంపియర్లు సున్నా దగ్గరే ఉంటే విద్యుత్తు పోర్టు దాటి లోపలికి పోవడం లేదని తెలుసుకోవాలి. 15 వోల్టులకు మారాక కూడా ఆంపియర్లు దాదాపు సున్నాలోనే ఉంటే అడాప్టరుతో మాటలు సవ్యంగా జరిగాయి, లోపం ఆ తరువాతి మెట్టులో, అంటే బీక్యూ24193 అనే ఛార్జింగ్ ఐసీ (చిప్పు) దగ్గరో, బ్యాటరీ కనెక్టరు దగ్గరో, బ్యాటరీలోనో ఉంది. 15 వోల్టుల దగ్గర బాగానే లాగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే ఛార్జింగును వదిలేసి తెర, దాని వెనుక వెలుతురు, ప్రాసెసరు వైపు చూడాలి. మీ వంటి కేసులలో తరచుగా కనిపించేది మరొకటి: 5 వోల్టుల దగ్గరే ఉండిపోయి, అర ఆంపియరుకు కాస్త తక్కువగా లాగుతూ, ఎంతసేపటికీ 15కు మారకపోవడం. అడాప్టరుతో మాట్లాడే పని ఎం92టి36 అనే ఐసీది. 5 దగ్గర ఆగిపోయిందంటే అనుమానం ఆ ఐసీ మీదికో, దానికి సంకేతం తీసుకువెళ్లే పిన్నుల మీదికో పోవాలి.

ఈ రెండింటిలో ఏదో తేల్చడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ప్లగ్‌ను తీసి, తిరగేసి పెట్టండి. యూఎస్‌బీ-సీ పోర్టులో మొత్తం 24 పిన్నులు, పైన 12, కింద 12 ఉంటాయి. ఎటు పెట్టినా పనిచేయాలి. ఒక వైపు పెడితే 15కు మారి, తిరగేస్తే 5 దగ్గర ఆగిపోతుంటే ఐసీ బాగానే ఉంది, పోర్టులో ఒక వైపు సీసీ పిన్ను విరిగిందో, వంగిందో, చిలుము పట్టిందో అనుకోవాలి. భూతద్దం పెట్టి, టార్చి వేసి పోర్టు మధ్యలోని నాలుకను చూడండి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, ముఖ్యంగా వానాకాలంలో, ఆ పిన్నుల చివర ఆకుపచ్చ చిలుము కనిపించడం మామూలే. చిలుము పట్టినంత మాత్రాన బోర్డు మార్చవలసిన పని లేదు.

రెండు వైపులా 5 దగ్గరే ఆగుతుంటే అప్పుడు విప్పాలి. వెనుక మూత స్క్రూలు మూడు రెక్కలవి, వాటికి సరిపోయే స్క్రూడ్రైవరు లేకుండా మొదలుపెడితే తలలు అరిగిపోతాయి. లోపల మొదట బ్యాటరీ కనెక్టరు ఊడదీయాలి. 3.7 వోల్టుల, 4310 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీ అది. దానిని తగిలించి ఉంచి బోర్డు మీద మీటరు ప్రోబ్ (కొలిచే సూది) జారితే లేని లోపం కొత్తగా పుడుతుంది. తరువాత మల్టీమీటరులో ఎం92టి36 చుట్టూ ఉన్న చిన్న కెపాసిటర్లను (కరెంటును కాస్త నిలవచేసే భాగాలను) గ్రౌండ్‌కు, అంటే బోర్డు నెగెటివ్ వైపుకు, కొలవాలి. ఒక కొస గ్రౌండ్ కావడం సహజమే. రెండు కొసలూ గ్రౌండ్‌తో సున్నా చూపిస్తే ఆ లైను షార్ట్ అయినట్టు, అంటే నేరుగా గ్రౌండ్‌కు కలిసిపోయినట్టు, అక్కడ ఆ ఐసీని మార్చడం సమంజసమే. షార్ట్ ఏదీ లేకపోతే మాత్రం తొందరపడవద్దు. వీడియోలు చూసి వచ్చిన ప్రతి స్విచ్‌కూ ఎం92 మార్చేసే అలవాటు కొన్ని దుకాణాలలో ఉంది. కాళ్లు బయటకు కనిపించని ఆ చదరపు ఐసీని అనవసరంగా లేపినందువల్ల కింది ప్యాడ్లు (టంకం పట్టే రాగి చుక్కలు) చిరిగిన బోర్డులు మాకు తెలుసు.

ఈ ఐసీ ఎందుకు చస్తుందో తెలిస్తే మళ్లీ చావకుండా చూసుకోవచ్చు. పోర్టులో 15 వోల్టులు వచ్చే పిన్ను, సీసీ పిన్ను పక్కపక్కనే, అర మిల్లీమీటరు ఎడంలో ఉంటాయి. ప్లగ్‌ను వంకరగా గుచ్చినా, పిన్ను వంగినా, వదులుగా ఉండే చవక డాక్‌లో (కన్సోలును టీవీకి కలిపే పీఠంలో) పెట్టినా ఆ రెండూ తాకి, చిన్న సంకేతం రావలసిన చోటికి 15 వోల్టులు పోతాయి. 2018 మార్చిలో 5.0 అప్‌డేట్ వచ్చిన తరువాత ఇతరులు తయారుచేసిన కొన్ని డాక్‌ల వల్ల స్విచ్‌లు పనిచేయకుండా పోయాయని ప్రపంచమంతటా ఫిర్యాదులు వచ్చాయి. మీ ఇంట్లో అటువంటి డాక్ ఉంటే బోర్డు బాగైన తరువాత దానిని మళ్లీ తగిలించకండి.

ప్రశ్న: ఆటలో బొమ్మ తనంతట తానే ఎడమకు నడిచిపోతోంది. బోర్డు లోపమా?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: చాలావరకు కాదమ్మా. బొటనవేలితో తిప్పే స్టిక్ లోపలి కార్బన్ పూత అరిగిపోవడం వల్ల అలా జరుగుతుంది. సెట్టింగ్స్‌లో క్యాలిబ్రేషన్ చేసి చూడండి, తగ్గకపోతే స్టిక్ మార్పించండి. కొత్తది వేసినా అదే వరుస అయితే అప్పుడు దాని ఫ్లెక్స్ కేబుల్ (పలుచని పట్టీ తీగ) కనెక్టరు గొళ్లెం సరిగా పడిందో లేదో చూడాలి.

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. చెరువు గట్టు మీద కాపలా పాకలో కూర్చుని ఆడుతుండగా మా తమ్ముడి పీఎస్‌పీ (సోనీ వారి చేతి గేమ్ కన్సోల్) రొయ్యల చెరువులో పడింది. వెంటనే తీసి బియ్యం డబ్బాలో మూడు రోజులు ఉంచాము. ఇప్పుడు పవర్ స్విచ్ వేస్తే పచ్చ లైటు వెలిగి వెంటనే ఆరిపోతోంది. ఆశ ఉందా?
— ఒక పాఠకుడు, వీరవాసరం మండలం

జవాబు: ఆశ ఉంది, కానీ ఆ మూడు రోజులూ వృథా అయ్యాయి. డెల్టాలో బియ్యానికి కొదవ లేదు కాబట్టి ఈ వైద్యం మన ఇళ్లలో బాగా పాతుకుపోయింది. ఐసీల కింద, రేకు మూతల కింద చేరిన నీటిని గింజలు పీల్చలేవు. పీల్చినా నీరే పోతుంది తప్ప అందులోని ఉప్పు బోర్డు మీదనే మిగులుతుంది. రొయ్యల చెరువు నీరు ఉప్పునీరు కావడం వల్ల మంచినీటి కంటే విద్యుత్తును చాలా ఎక్కువగా పోనిస్తుంది. బ్యాటరీ తగిలించి ఉంటే ఆ తడిలో, వోల్టేజి ఉన్న లైను నుంచి రాగి కరిగి పక్కకు పోతుంది. ఆకుపచ్చ చిలుముగా కనిపించేది ఆ రాగే. కన్సోల్ ఆపివేసి ఉన్నా బ్యాటరీ నుంచి కొన్ని లైన్లకు ఎప్పుడూ వోల్టేజి ఉంటుంది కనుక, నీటిలో పడిన వస్తువు నుంచి మొదట తీయవలసింది బ్యాటరీయే. పీఎస్‌పీలో వెనుక మూత తీస్తే బ్యాటరీ చేతికే వస్తుంది. తక్షణం తీసేయండి, మళ్లీ మళ్లీ స్విచ్ వేసి చూడడం కూడా మానండి.

ఇక కడగాలి. తడిసిన బోర్డును మళ్లీ తడపడమా అని మీకు అనిపించవచ్చు, కానీ ఉప్పును కరిగించగలిగేది నీరే, ఆల్కహాల్‌లో అది సరిగా కరగదు. బోర్డును బయటకు తీసి, తెర, డిస్కు డ్రైవు, స్పీకర్లు అన్నీ వేరుచేసి, ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తని బ్రష్ పెట్టి ముందు కడగండి. కుళాయి నీరు, బోరు నీరు వద్దు. ఆ వెంటనే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మరొకసారి కడిగితే అది నీటిని తనతో కలుపుకుని త్వరగా ఆవిరైపోతుంది. దుకాణాలలో దీనికి బదులు థిన్నర్ వాడతారు. అది ప్లాస్టిక్ కనెక్టర్లను, బటన్ల రబ్బరును తినేస్తుంది కనుక నేను ఒప్పుకోను. రేకు మూతలు ఊడేవైతే ఊడదీసి వాటి కింద తప్పక చూడండి. పైకి అద్దంలా ఉన్న బోర్డు ఆ మూత కింద పచ్చగా ఉండవచ్చు.

ఆరిన తరువాత కొలతలు. లైటు వెలిగి ఆరిపోవడం ఒక విధంగా మంచి సూచన. విద్యుత్తు లోపలికి వస్తోంది, పవర్ ఐసీ మేల్కొంటోంది, తాను ఇవ్వవలసిన లైన్లలో ఏదో ఒకటి పైకి లేవకపోవడం వల్ల రక్షణ కోసం అన్నిటినీ ఆపేస్తోంది. బోర్డు మీద ఎఫ్ అక్షరంతో మొదలయ్యే పేరు అచ్చువేసిన చిన్న భాగాలు ఫ్యూజులు. రెండు కొసల మధ్య సున్నా చూపాలి. ఫ్యూజు తెగి ఉంటే దాని మీద తీగ ముక్క అతికించి "సరిచేశాం" అనేవారి దగ్గరకు ఆ వస్తువును పంపకండి, తెగిన ఫ్యూజు అవతల ఏదో షార్ట్ ఉందని చెబుతోంది. ఫ్యూజులు బాగుంటే కాయిల్స్ (తీగ చుట్టిన చిన్న భాగాలు) ఒక్కొక్కటి గ్రౌండ్‌కు కొలిచి, మిగతా వాటికంటే మరీ తక్కువ చూపించే లైను పట్టుకోవాలి. బోర్డు మీద టీఏ-085 వంటి నంబరు అచ్చై ఉంటుంది, ఉదాహరణకు అది 2000 మోడలుది. అదే నంబరున్న పాడైన బోర్డు మరొకటి దొరికితే పోల్చడానికీ, భాగాలు తీసుకోవడానికీ రెండిటికీ పనికివస్తుంది. తడిసిన బ్యాటరీని మాత్రం తిరిగి వాడవద్దు.

ప్రశ్న: సెల్ దుకాణం నడుపుతున్నాను. ఒక స్విచ్ బోర్డులో ప్రాసెసరు పక్కనున్న కాయిల్స్ మీద కంటిన్యుటీ (దారి కలిసి ఉంటే మోగే మీటరు అమరిక) పెడితే బీప్ అంటోంది. ప్రాసెసర్ షార్ట్ అని పార్టీకి చెప్పేశాను. తరువాత ఆడుతున్న వేరే స్విచ్ విప్పితే దానిలోనూ అదే చోట బీప్ వచ్చింది. అయితే నిజమైన షార్ట్‌ను ఎలా గుర్తుపట్టాలి? ఆ లైనులో ఏ కెపాసిటర్ పోయిందో ఎలా పట్టుకోవాలి?
— ఒక మెకానిక్, ముమ్మిడివరం

జవాబు: రెండో బోర్డును విప్పి చూశారు కాబట్టే ఈ ప్రశ్న పుట్టింది, చాలామంది మొదటి బీప్‌తోనే తీర్పు చెప్పేస్తారు. కంటిన్యుటీ బజర్ మోగడానికి నిరోధం సున్నా కానవసరం లేదు. సాధారణ మీటర్లలో కొన్ని పదుల ఓములు ఉన్నా మోగుతుంది. ప్రాసెసరుకు పోయే ముఖ్యమైన లైను దాదాపు ఒక వోల్టు దగ్గర అనేక ఆంపియర్లు మోసే లైను. ఆరోగ్యంగా ఉన్నప్పుడే గ్రౌండ్‌కు దాని నిరోధం చాలా తక్కువగా, కొద్ది ఓములలో ఉంటుంది. అందుచేత ఆ కాయిల్స్ దగ్గర బజర్ మాటను లెక్కలోకి తీసుకోకూడదు. మీటరును 200 ఓముల రేంజిలో పెట్టండి, ముందు రెండు ప్రోబులనూ ఒకదానికొకటి తాకించి ఎంత చూపుతుందో గుర్తుంచుకోండి. లైను మీద కూడా అదే అంకె వస్తే అది షార్ట్. దానికంటే స్పష్టంగా రెండు మూడు ఓములు ఎక్కువ చూపితే అది లైను స్వభావమే కావచ్చు. 3.3 వోల్టులు, 5 వోల్టుల వంటి లైన్లలో మాత్రం అంత తక్కువ వచ్చిందంటే అనుమానించవలసిందే.

సంకేతపు లైన్లకు, పోర్టు పిన్నులకు మీటరులోని డయోడ్ మోడ్ మేలు. ఎర్ర ప్రోబును గ్రౌండ్ మీద, నల్ల ప్రోబును కొలిచే చోట పెట్టాలి. ఇది సాధారణ అలవాటుకు తలకిందులు కనుక కొత్తలో చేయి తడబడుతుంది. ఐసీలోపలి రక్షణ డయోడ్ల వల్ల సాధారణంగా 0.3 నుంచి 0.7 లోపు అంకె వస్తుంది. సున్నా వస్తే షార్ట్, ఓఎల్ అని వస్తే మార్గం తెగింది. అసలు విలువ పక్కపక్క పిన్నులను పోల్చడంలో ఉంది. ఒకే పని చేసే రెండు పిన్నులలో ఒకటి 0.45, మరొకటి 0.12 చూపితే లోపం దొరికినట్టే. పనిచేసే బోర్డు ఏది చేతికి వచ్చినా ఈ అంకెలు మోడల్ వారీగా పుస్తకంలో రాసిపెట్టుకోండి. స్కీమాటిక్ (సర్క్యూట్ పటం) దొరకని బోర్డులకు ఆ పుస్తకమే స్కీమాటిక్.

ఇక కెపాసిటర్ సంగతి. ఒక లైను మీద పది ఇరవై కెపాసిటర్లు పక్కపక్కన కలిపి ఉంటాయి. వాటిలో ఒక్కటి షార్ట్ అయితే అన్నీ షార్ట్ అయినట్టే మీటరు చూపిస్తుంది. ఒక్కొక్కటి పీకి చూసే పద్ధతి దయచేసి వద్దు. బ్యాటరీ ఊడదీసి, మీ డీసీ పవర్ సప్లైని 1 వోల్టు దగ్గర, కరెంటు పరిమితిని 1 ఆంపియరు దగ్గర పెట్టి, నెగెటివ్‌ను గ్రౌండ్‌కు, పాజిటివ్‌ను ఆ లైనుకు ఇవ్వండి. లైను అసలు వోల్టేజిని ఎట్టి పరిస్థితిలోనూ మించకూడదు, ప్రాసెసరు లైను అయితే 1 వోల్టు కూడా ఎక్కువే, ఇంకా తగ్గించాలి. కరెంటంతా షార్ట్ ఉన్న చోటు నుంచే పోతుంది, ఆ చోటే వేడెక్కుతుంది. థర్మల్ కెమెరా లేకపోతే బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పలుచగా పూసి, వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని చూడండి. మిగతా చోట్ల తడి మెరుస్తుండగానే ఒక్క చుక్కంత మేర ముందుగా ఆరిపోతుంది. దాని మధ్యలో ఉన్నదే ముద్దాయి. వేలితో తాకి చూసేవారూ ఉన్నారు, కానీ మిరియపు గింజలో సగం లేని భాగం వేడిని వేలు సరిగా చెప్పలేదు, ఒక్కొక్కసారి కాలుతుంది కూడా.

వేడెక్కింది కెపాసిటర్ అయితే తీసేసి లైను మళ్లీ కొలవండి. షార్ట్ పోయి, ఆ లైను మీద అటువంటివే మరికొన్ని ఉంటే ఒకటి తక్కువైనా తరచుగా బోర్డు నడుస్తుంది, వీలైతే అదే విలువది వేయడం ఉత్తమం. ఇవి పింగాణీ పొరలతో చేసినవి. కింద పడినప్పుడో, జేబులో వంగినప్పుడో లోపల సన్నగా చిట్లి, కొన్ని వారాల తరువాత షార్ట్ కావచ్చు. "ఏమీ కాలేదండీ, బాగానే ఉండేది" అని పార్టీ చెప్పే మాట అబద్ధం కానవసరం లేదు. వేడెక్కింది పీ13యూఎస్‌బీ అని రాసి ఉన్న చిన్న ఐసీ అయితే, అది టీవీకి బొమ్మ పంపే దారిలోనిది. అది తన 3.3 వోల్టుల లైనును కిందికి లాగి కన్సోలునే లేవనివ్వకపోవచ్చు. వేడెక్కింది ప్రాసెసరే అయితే సప్లై ఆపి, పార్టీకి ఉన్నమాట చెప్పండి.

ప్రశ్న: అంతర్వేది తీర్థంలో మా అబ్బాయికి 400 ఆటల పెట్టె కొన్నాము. నెల తిరగకుండానే ఆగిపోయింది. బాగుచేయించవచ్చా?
— ఒక తల్లి, నరసాపురం

జవాబు: వాటిలో చాలావరకు పాత నోకియా ఫోన్లలో వాడిన బీఎల్-5సీ రకం బ్యాటరీ ఉంటుందమ్మా. వెనుక మూత తీసి బ్యాటరీని సెల్ దుకాణంలో కొలిపించండి. 3 వోల్టుల లోపు ఉంటే వేరే బ్యాటరీ వేస్తే పనిచేయవచ్చు. ఉబ్బి ఉంటే మాత్రం ఛార్జింగ్ పెట్టకుండా తీసేయండి. బ్యాటరీ మంచిదైతే ఛార్జింగ్ పోర్టు అతుకు ఊడిందేమో చూడమనండి, ఆ రెండూ కాకపోతే ఖర్చు పెట్టకండి. ఆటలన్నీ బోర్డు మధ్యలో నల్లటి జిగురు బొట్టు కింద అతికించిన చిప్పులో ఉంటాయి, దానిని ఎవరూ మార్చలేరు.

ప్రశ్న: మా మేనమామ గారు ఇచ్చిన పాత గేమ్ బాయ్ అడ్వాన్స్ ఉంది. కొత్త సెల్స్ వేసినా కొద్దిసేపటికే లైటు ఎర్రబడుతోంది. కాస్త కదిపితే ఆట మళ్లీ మొదటికి వస్తోంది. పాతికేళ్ల నాటి బోర్డు కదా, వదిలేయమంటారా?
— ఒక విద్యార్థి, పాలకొల్లు

జవాబు: వదిలేయవద్దు. 2001లో వచ్చిన ఈ యంత్రం నేటి కన్సోళ్లకంటే బాగుచేయడానికి ఎంతో సులువు. రెండు పెన్సిల్ సెల్స్ కలిసి 3 వోల్టులు ఇస్తాయి, బోర్డుకు అందే వోల్టేజి తగ్గితే పచ్చ లైటు ఎర్రబడుతుంది. ఇక్కడ తగ్గుతున్నది సెల్స్‌లో కాదు, దారిలో. యంత్రం ఆన్ చేసి ఉంచి, ముందు సెల్స్ కొసల దగ్గర, తరువాత పవర్ స్విచ్‌కు అవతలి కాళ్ల దగ్గర వోల్టేజి కొలవండి. ఇక్కడ 3, అక్కడ 2.5 వచ్చిందంటే మధ్యలో స్విచ్ ఆ అర వోల్టును మింగుతోంది. ఆపివేసి ఉంచి కొలిస్తే ఈ తేడా కనిపించదు, కరెంటు పారుతున్నప్పుడే నిరోధం బయటపడుతుంది. సెల్స్ తీసేసి, స్విచ్ లోపలికి రెండు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి, చాలాసార్లు అటూ ఇటూ జరిపి, బాగా ఆరనిచ్చి మళ్లీ కొలవండి. ఎక్కువ కేసులు దీనితోనే తీరిపోతాయి.

సెల్స్ తగిలే స్ప్రింగుల మీద తెల్లని పొడి పేరుకుని ఉంటే దానినీ శుభ్రం చేయాలి. ఆల్కలైన్ సెల్ కారితే వచ్చేది క్షారం, దూది పుల్లను వెనిగర్‌లో ముంచి రుద్దితే పోతుంది. మన కిరాణా కొట్లలో దొరికే చవక జింక్ సెల్స్ కారితే వచ్చేది ఆమ్ల స్వభావం గలది, దానికి వంట సోడా కలిపిన నీరు సరైనది. రెండింటిలో ఏది వాడినా చివర ఆల్కహాల్‌తో తుడవండి.

ప్రశ్న: మా స్విచ్‌లో ఆడుతుండగా నీలిరంగు తెర వచ్చి ఆగిపోతోంది. ప్రాసెసరు మీద హీట్ గన్‌తో వేడి పెడితే సరవుతుందని స్నేహితుడు అంటున్నాడు. ఆ గన్ వారి కార్ఖానాలో ఉంది. ప్రయత్నించమంటారా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: వద్దు. ఆ నీలి తెరకు తరచుగా కారణం ప్రాసెసరు కింద గానీ, దాని పక్కనున్న రెండు ర్యామ్ చిప్పుల కింద గానీ టంకపు గుళికలు చిట్లడమే. మీ స్నేహితుడు జబ్బును సరిగానే ఊహించి ఉండవచ్చు. ఆ బోర్డు మీది సీసం లేని టంకం 217 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. పెయింటు ఊడదీయడానికి వాడే గన్ గాలి 500 డిగ్రీలు దాటుతుంది, దానికి అదుపు ఉండదు. పక్కనున్న ప్లాస్టిక్ కనెక్టర్లు కరుగుతాయి, చిన్న కెపాసిటర్లు గాలికి ఎగిరిపోతాయి, వేడి ఒకే చోట పడి బోర్డు వంగుతుంది. ఒకవేళ తెర వెలిగినా చిట్లిన గుళిక పైపైన అతుక్కుని కొన్నాళ్లకు మళ్లీ విడిపోతుంది. అంతటితో ఆగదు, అంతకుముందు ఎక్కడ లోపం ఉండేదో ఇక ఎవరూ చెప్పలేని స్థితి వస్తుంది. అలా కాల్చి తెచ్చిన బోర్డును చేతిలోకి తీసుకోవడానికి మంచి మెకానిక్‌లు ఇష్టపడరు.

ముందు గమనించవలసినవి వేరే ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడు వస్తోందా, వేడెక్కాక వస్తోందా? వెనుక మధ్యభాగాన్ని మెల్లగా నొక్కి పట్టుకుంటే మార్పు ఉందా? మార్పు ఉంటే అతుకుల లోపమే అనుకోవచ్చు. మార్పు ఏమీ లేకపోతే పవర్ లైన్లు కొలవకుండా ప్రాసెసరు మీదికి పోకూడదు. అతుకులే అని తేలితే చిప్పును లేపి, పాత టంకం తీసి, కొత్త గుళికలు పోసి తిరిగి కూర్చోబెట్టాలి. రీబాల్ అనే ఈ పని కింది నుంచి, పై నుంచి అదుపులో వేడి ఇచ్చే యంత్రం ఉన్నచోటే చేయించండి.

యంత్రం అప్పుడప్పుడైనా లేస్తోంది కాబట్టి ముందుగా చేయవలసిన పని మరొకటి ఉంది. ఆటలలో మీరు చేరుకున్న స్థాయిల వివరాలన్నీ కన్సోల్ లోపలి మెమొరీలో ఉంటాయి, వాటికి ఆ బోర్డుకే చెందిన తాళం ఉంటుంది. మెమొరీ చిప్పును వేరే బోర్డుకు మార్చినంత మాత్రాన అవి తెరుచుకోవు. ఆన్‌లైన్ సభ్యత్వం ఉంటే క్లౌడ్‌లోకి, లేదా పనిచేసే మరో స్విచ్ దొరికితే అందులోకి, నీలి తెర రాని సమయం చూసుకుని వాటిని పంపించి, ఆ తరువాతే రీబాల్‌కు ఇవ్వండి.